బీపీ వచ్చింది, మూత్రం రాలేదు: రక్తం ఆగిన కిడ్నీలో ఏం జరుగుతుంది?

ఐసీయూ బయట కుర్చీల్లో రాత్రంతా కూర్చున్నవాళ్లు పొద్దున్నే డాక్టర్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "బీపీ నార్మల్‌కి వచ్చిందన్నారు కదండీ, మరి మూత్రం ఎందుకు రావట్లేదు?"

నిన్న బీపీ పడిపోయింది, సెలైన్లు ఎక్కించారు, ఇవాళ నిలబడింది. కిడ్నీకి రక్తం మళ్లీ అందుతోంది. అయినా మంచం పక్కన వేలాడే సంచిలోకి గంటకి పది, పదిహేను మిల్లీలీటర్లే దిగుతున్నాయి, అదీ డికాక్షన్ రంగులో. కిడ్నీ వడకట్టి పారేయాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, మాత్రం రక్తంలో రోజురోజుకీ పెరుగుతోంది. వైద్యం సరిగ్గా జరగట్లేదేమో, వేరే ఆసుపత్రికి మార్చాలేమో అని ఇంట్లోవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది.

అడగాల్సిన ప్రశ్నే అది. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, కరెంటొస్తే తిరుగుతుంది. కిడ్నీ అలా ఎందుకు తిరగదు?

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. 60 కిలోల బరువున్న తాపీ మేస్త్రీ, మే నెల ఎండలో పని. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. ఒళ్లు నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు, రోజూ వేసుకునే బీపీ మాత్ర. మూడో రోజు కళ్లు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రికి తెచ్చేసరికి బీపీ 70/40. సాయంత్రానికి 110/70కి వచ్చింది. పాత రిపోర్టులో అతని క్రియాటినిన్ 0.8. వ్యాసమంతా ఈయన మనతోనే ఉంటాడు.

రక్తం దండిగా వచ్చే చోట ఆక్సిజన్‌కి కరువు

రెండు కిడ్నీలూ కలిపి 300 గ్రాములుంటాయి. ఒంటి బరువులో అర శాతం దగ్గర. కానీ గుండె పంపే రక్తంలో అయిదో వంతుకి పైగా, అంటే నిమిషానికి లీటరు దాకా, వీటికే వెళ్తుంది. అంత రక్తం వచ్చేది కిడ్నీ ఆకలి తీర్చడానికి కాదు, వడకట్టించుకోడానికి. రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవం వడపోతలో దిగుతుంది. బయటికి పోయే మూత్రం లీటరున్నర. మిగతాదంతా సన్నని నాళికల గోడల్లోని కణాలు మళ్లీ రక్తంలోకి తోడేస్తాయి. సోడియాన్ని ఒక్కో అయాన్‌గా తోడే ఈ పంపుల పనికే కిడ్నీ వాడే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఖర్చవుతుంది.

చిక్కంతా పంపకంలో ఉంది. పాఠ్యపుస్తకాల్లో చదివిన మాటల్లో చెప్పాలంటే, బయటి పొర వల్కలం, లోపలి భాగం దవ్వ. వచ్చిన రక్తంలో తొంభై శాతం దాకా వల్కలానికే. దవ్వకి మిగిలేది పదో వంతు. పైగా దవ్వలోకి దిగే రక్తనాళాలు, పైకొచ్చే రక్తనాళాలు పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి ఆక్సిజన్ దారిలోనే అటు నుంచి ఇటు జారిపోతుంది. వల్కలంలో ఆక్సిజన్ పీడనం 50 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే దవ్వలో 10 నుంచి 20 మధ్యే ఉంటుంది. ఇది జబ్బు చేసినప్పటి లెక్క కాదు, ఆరోగ్యంగా ఉన్న రోజుల లెక్కే.

కాలువ శివారు భూమి ఉన్న రైతుకి ఇది వివరించక్కర్లేదు. నిండు కాలువ పారుతున్నప్పుడే శివారుకి బొటాబొటిగా అందుతుంది. పైన కాస్త తగ్గితే ముందు ఎండేది శివారే. కిడ్నీలో ఆ శివారు, దవ్వకి పై అంచున ఉండే పట్టీ. నాళిక మొదటి భాగం చివర్న ఉండే తిన్నని ముక్క సరిగ్గా అక్కడే ఉంటుంది. ఆ కణాలకి ఇంకో బలహీనత: అవి కొవ్వుని ఆక్సిజన్‌తో మండించి బతికేవి. ఆక్సిజన్ లేకుండా చక్కెర నుంచి శక్తి లాగే నేర్పు వాటికి చాలా తక్కువ.

ముందు కిడ్నీ సర్దుకుంటుంది

రక్తం తగ్గగానే కిడ్నీ దెబ్బతినదు. వడపోత జరిగే గ్లోమెరులస్‌కి ఒక రక్తనాళం లోపలికి, ఒకటి బయటికి. లోపలికొచ్చే దాన్ని వెడల్పు చేసి, బయటికి పోయే దాన్ని బిగించి, లోపలి పీడనాన్ని కిడ్నీ నిలబెట్టుకుంటుంది. వెడల్పు చేసే పని ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలది, బిగించే పని యాంజియోటెన్సిన్ అనే హార్మోన్‌ది. ఆ దశలో మూత్రం తగ్గుతుంది, చిక్కబడుతుంది. నాళికలు బాగానే ఉన్నాయి కాబట్టి సోడియాన్ని చుక్క వదలకుండా పట్టుకుంటాయి. వడపోతలో దిగిన సోడియంలో ఒక శాతం కన్నా తక్కువే మూత్రంలో పోతే, నాళికలు ఇంకా పనిలోనే ఉన్నట్టు. రెండు శాతం దాటితే నాళికలకే దెబ్బ తగిలిందని అనుమానిస్తారు. మూత్రం బాగా పట్టే మందులు వాడుతున్నవాళ్లలో ఈ లెక్క తప్పుతుంది.

మన మేస్త్రీ విషయంలో ఈ సర్దుబాటుకి రెండు వైపులా అడ్డుపడింది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర ప్రోస్టాగ్లాండిన్లని ఆపింది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ కోవకి చెందిన బీపీ మాత్ర యాంజియోటెన్సిన్ పనిని ఆపింది. ఒంట్లో నీళ్లూ లేవు. విడివిడిగా తట్టుకోగలిగినవి ఒకే రోజు కలిసొచ్చాయి. అలాగని బీపీ మందుని తిట్టుకోనక్కర్లేదు. మామూలు రోజుల్లో ఎందరి కిడ్నీలనో కాపాడుతున్నది అదే.

రక్తం ఆగిన ఆ కాసేపట్లో

కణానికి ఖర్చుల చిల్లర లాంటిది ఏటీపీ. ఆక్సిజన్ ఆగిన నిమిషాల్లోనే అది అడుగంటుతుంది. పంపులు ఆగుతాయి, సోడియం కణం లోపలే పేరుకుంటుంది, దాని వెంట నీరు వచ్చి కణం ఉబ్బుతుంది. కాల్షియం కూడా లోపలికి చొరబడుతుంది. నాళిక కణాల మీద బ్రష్ కుచ్చులా ఉండే సన్నని వేళ్లు రాలిపోతాయి.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది పంపుల సంగతి. మామూలుగా అవి కణం అడుగున, రక్తం వైపు ఉంటాయి. అందుకే సోడియం ఎప్పుడూ నాళిక నుంచి రక్తం వైపే వెళ్తుంది. శక్తి లేక కణం లోపలి అస్థిపంజరం సడలేసరికి కొన్ని పంపులు జారి పై వైపుకి, మూత్రం ఉండే వైపుకి వచ్చేస్తాయి. కణం చావలేదు, పంపూ విరగలేదు. అయినా తోడాల్సిన దిక్కు పోయింది.

తిరిగొచ్చిన రక్తం చేసే రెండో దెబ్బ

రక్తం మళ్లీ రావడం ప్రాణం నిలబెట్టే విషయమే, సందేహం లేదు. కానీ ఆకలితో ఉన్న కణం ఈలోపు కొన్ని పదార్థాలు పోగేసుకుని ఉంటుంది. సక్సినేట్ అందులో ఒకటి. ఆక్సిజన్ తగలగానే మైటోకాండ్రియాలో ఈ సక్సినేట్ భగ్గున మండి ఫ్రీ రాడికల్స్‌ని పుట్టిస్తుంది. ఏ అవయవంలో చూసినా ఇదే జరుగుతోందని 2014లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. ఆ తాకిడికి, పేరుకున్న కాల్షియానికి మైటోకాండ్రియా పొరలో రంధ్రాలు తెరుచుకుంటాయి. కొన్ని కణాలు అక్కడికక్కడే పగిలిపోతాయి. కొన్ని పద్ధతిగా తమను తాము చంపుకుంటాయి.

పగిలిన కణాల చెత్త చూసి తెల్ల రక్తకణాలు దండెత్తుతాయి. సన్న రక్తనాళాల లోపలి పూత వాచి దారి ఇరుకవుతుంది, అందులో ఎర్రకణాలు ఇరుక్కుంటాయి. అంటే చేతికి కట్టిన పట్టీ 110/70 చూపిస్తున్నప్పుడు కూడా శివారుకి నీరు చేరి ఉండకపోవచ్చు. బీపీ పెద్ద కాలువ లెక్క చెబుతుంది, పిల్ల కాలువల లెక్క చెప్పదు.

దెబ్బ ఆలస్యంగా బయటపడటం వైద్యులకి మొదటిసారి కొట్టొచ్చినట్టు కనిపించింది లండన్ మీద బాంబులు పడిన రోజుల్లో. శిథిలాల కింద కాళ్లు చేతులు నలిగి గంటల తరబడి ఉండిపోయినవాళ్లని బయటికి తీశారు. షాక్ నుంచి తేరుకున్నట్టే కనిపించారు. తర్వాత మూత్రం తగ్గిపోయి వారం తిరక్కుండానే చనిపోయారు. బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు వైద్యులు 1941లో దీన్ని వివరంగా రాశారు. అక్కడ నలిగిన కండరాల నుంచి వచ్చిన పదార్థం పాత్ర కూడా ఉంది కాబట్టి అది అచ్చంగా మన మేస్త్రీ కథ కాదు. ప్రాణం దక్కిందనుకున్నాక కిడ్నీ చేయివ్వడం మాత్రం ఒక్కటే.

మూత్రం ఆగడం ఓటమా, ముందుజాగ్రత్తా?

మూత్రం ఆగడానికి కంటికి కనిపించే కారణాలు రెండు. ఊడిపడిన కణాలు ముద్దకట్టి నాళికకి బిరడాలా అడ్డుపడతాయి. గోడకి చిల్లులు పడ్డ చోట వడకట్టిన ద్రవం వెనక్కి కారిపోతుంది. సంచిలోంచి ఓ చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే బురద రంగులో, గరుకుగా, కత్తిరించిన తాడుముక్కల్లా కనిపించేవి ఆ బిరడాలే. నాళిక లోపలి ఆకారం వాటికి అచ్చుగా దిగి ఉంటుంది.

మూడో కారణం కిడ్నీయే తలుపు మూసేయడం. నాళిక తన దారిలో ఒకచోట వెనక్కి వచ్చి తన గ్లోమెరులస్‌నే ఆనుకుంటుంది. అక్కడ మాక్యులా డెన్సా అనే కణాల గుంపు వాచ్‌మన్‌లా కూర్చుని, వచ్చే ద్రవంలో ఉప్పు ఎంతుందో చూస్తుంటుంది. ఉప్పు ఎక్కువ వస్తోందంటే పైన తోడాల్సినవి తోడట్లేదని అర్థం. వెంటనే గ్లోమెరులస్‌కి వచ్చే రక్తనాళాన్ని బిగించి వడపోత తగ్గించేస్తుంది.

దీనివల్ల మేలేంటో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. వడపోత వేగం నిమిషానికి 125 మిల్లీలీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా మూడు లీటర్లు. నాళికలు తోడటం పూర్తిగా ఆపేసి, వడపోత మాత్రం మామూలుగా సాగితే 24 నిమిషాల్లో మూడు లీటర్లూ మూత్రంగా పోతాయి. డయాలసిస్ దాకా వెళ్లే వ్యవధి కూడా ఉండదు. ఈ లెక్క పట్టుకునే 1976లో తురావ్, బాయ్లన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కిడ్నీ వైఫల్యం అనడమేంటి, కిడ్నీ విజయం అనాలి అని వాదించారు.

ఆ వాదన అందంగా ఉంటుంది. కానీ దానికి హద్దులున్నాయి. బిరడాలు, కారడం, వాచిన రక్తనాళాలు ఇవన్నీ శుద్ధ నష్టాలే, వాటిలో తెలివేమీ లేదు. తలుపు మూసుకున్నందుకు పొటాషియం పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నావరకు నాకు సబబనిపించేది ఇది: ఆ మూత నాళికలకి పని భారం తగ్గిస్తుంది, ఖర్చు మాత్రం మిగతా శరీరం భరిస్తుంది. ఫ్యూరోసెమైడ్ ఇచ్చి మూత్రం రప్పించినంత మాత్రాన కిడ్నీ తొందరగా కోలుకోదని తేలడం కూడా ఈ చిత్రంలో ఇముడుతుంది. సంచి నిండటం, కిడ్నీ బాగుపడటం వేర్వేరు సంగతులు.

క్రియాటినిన్ నిన్నటి పేపర్

మేస్త్రీ రిపోర్టులు వరసగా చూద్దాం. చేరిన రోజు 1.6. తర్వాత 2.7, 3.9, 5.2. చూసేవాళ్లకి కిడ్నీ రోజూ ఇంకాస్త పాడవుతున్నట్టే ఉంటుంది.

మునిసిపల్ కార్మికుల సమ్మె గుర్తు తెచ్చుకోండి. సమ్మె మొదలైన రోజు వీధిలో చెత్త పెద్దగా కనబడదు. అయిదో రోజుకి గుట్ట. సమ్మె అయిదు రెట్లు ముదిరిందని కాదు కదా. క్రియాటినిన్ కండరాల నుంచి రోజూ వచ్చే చెత్త. వడపోత పూర్తిగా ఆగినా అది రోజుకి సుమారు 1 నుంచి 1.5 చొప్పునే పెరుగుతుంది. అంటే 1.6 అని వచ్చిన రోజునే వడపోత దాదాపు సున్నాకి పడిపోయి ఉండొచ్చు. మిగతా అంకెలు ఆ ఒక్క దెబ్బకి రోజువారీ ప్రతిధ్వనులు.

2012 నుంచి ప్రపంచమంతా వాడుతున్న నిర్వచనం ప్రకారం 48 గంటల్లో క్రియాటినిన్ 0.3 పెరిగినా, వారం రోజుల్లో ఒకటిన్నర రెట్లయినా, ఆరు గంటలపాటు మూత్రం గంటకి కిలోకి అర మిల్లీలీటరు కన్నా తగ్గినా దాన్ని అక్యూట్ కిడ్నీ ఇంజురీ అంటారు. 60 కిలోల మనిషికి గంటకి 30 మిల్లీలీటర్లు. క్రియాటినిన్ కన్నా ఆ సంచి మీది గీతలే చాలాసార్లు ముందు చెబుతాయి. దెబ్బతిన్న నాళికలు విడుదల చేసే ఎన్‌గాల్, కిమ్-1 లాంటి ప్రొటీన్లని కొలిచే పరీక్షలున్నాయి గానీ, ఇన్‌ఫెక్షన్ లాంటివి ఉన్నప్పుడు కొన్ని తప్పుదారి పట్టిస్తాయి.

గోడ మళ్లీ కట్టేదెవరు?

గుండె కండరం చస్తే మచ్చ మిగులుతుంది. నాళికలు అలా కాదు, చాలావరకు మళ్లీ నిలబడతాయి. ఎలా అన్న దగ్గరే పరిశోధకులు రెండు దారులుగా చీలారు.

మూలకణాల్లాంటి ప్రత్యేక కణాలు అక్కడక్కడా దాగి ఉండి, అవసరం వచ్చినప్పుడు విభజన చెందుతాయన్నది ఒక వాదన. బతికి బయటపడ్డ మామూలు నాళిక కణాలే ఆ పని చేస్తాయన్నది రెండోది. 2008లో బోస్టన్ పరిశోధకులు ఎలుకల నాళిక కణాలకి చెరగని రంగు గుర్తు పెట్టి, దెబ్బ తర్వాత కట్టుకున్న కొత్త గోడలో ఆ గుర్తు పలచబడుతుందేమో చూశారు. పలచబడలేదు. బయటి నుంచి కొత్తవాళ్లెవరూ రాలేదన్నమాట. ప్రాణంతో మిగిలిన కణం తన ప్రత్యేకతలన్నీ వదిలేసి, చదునుగా పరుచుకుని, పక్కన పడివున్న శవాలని కూడా తనే మింగి శుభ్రం చేస్తుంది. తర్వాత విభజన చెంది ఖాళీ నింపి, మళ్లీ నాళిక కణంగా ఎదుగుతుంది.

కథ అక్కడితో ముగియలేదు. 2018లో ఇటలీ బృందం ఒకటి కొత్త మెలిక పెట్టింది: విభజన మొదలుపెట్టినట్టు కనిపించే కణాల్లో చాలావాటికి విభజన పూర్తే కాదు, డీఎన్ఏని రెట్టింపు చేసుకుని కణం పెద్దదవుతుందంతే, నిజంగా కొత్త కణాలనిచ్చేవి కొన్నే అని. అయిదుగురు మేస్త్రీలు పోయిన చోట ఇద్దరే రెట్టింపు పని చేయడం లాంటిది. క్రియాటినిన్ దిగొస్తుంది, కానీ మనుషుల లెక్క నిండదు. ఈ వాదన సరైనదైతే, బాగుపడ్డారని ఇంటికి పంపిన వాళ్లలో కొందరికి ఏళ్ల తర్వాత కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో కొంత అర్థమవుతుంది. విభజన మధ్యలో ఇరుక్కుపోయిన కణాలు మచ్చ కట్టించే సంకేతాలు పంపుతూనే ఉంటాయని 2010లోనే ఒక పరిశోధన చూపింది. సన్న రక్తనాళాలు కూడా కొన్ని శాశ్వతంగా మాయమవుతాయి. శివారుకి నీరు ఇంకా తగ్గుతుంది.

నాళిక మరమ్మతవుతుంది గానీ, గ్లోమెరులస్, దాని నాళిక కలిసిన నెఫ్రాన్ పూర్తిగా పోతే కొత్తది పుట్టదు. నెఫ్రాన్ల తయారీ తల్లి కడుపులో 36వ వారం దగ్గరే ముగిసిపోతుంది. ఉద్దానంలోని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుని దీనితో కలపకూడదు, దాని కారణం ఇంకా తేలలేదు. ఎండలో పదేపదే ఒళ్లు ఎండిపోయి తగిలే చిన్నచిన్న దెబ్బలు ఒక కారణం కావచ్చా అని ఆలోచించేవాళ్లు ఉన్నారు, అంతవరకే.

ఎన్ని నిమిషాలు?

కిడ్నీలో గడ్డ తీసే ఆపరేషన్లో సర్జన్లు ధమనికి కాసేపు క్లిప్పు పెడతారు. 25, 30 నిమిషాలు దాటకూడదన్నది చాలాకాలంగా నడుస్తున్న లెక్క. ప్రతి నిమిషమూ నష్టమే అని కొందరు, గడియారం కన్నా మిగిల్చిన మంచి భాగం ఎంతన్నదే ముఖ్యమని కొందరు. రెండు కిడ్నీలూ బాగున్న మనిషికి ఈ తేడా పెద్దగా కనిపించదు, ఒక్క కిడ్నీయే ఉన్నవాళ్లకి కనిపిస్తుంది.

చల్లబరిస్తే ఈ నిమిషాలు గంటలవుతాయి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా కణం ఖర్చు సుమారు సగమవుతుంది. 37 నుంచి 4 డిగ్రీలకి దించితే దాదాపు పదో వంతుకి చేరుతుంది. అందుకే జీవన్‌దాన్ ద్వారా బ్రెయిన్ డెడ్ దాత నుంచి వచ్చిన కిడ్నీ ఐసు పెట్టెలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణం చేయగలుగుతుంది. ఆపరేషన్ బల్ల మీద కుట్లు పూర్తయ్యే దాకా అది పాలిపోయి, చల్లగా, బూడిద రంగులో ఉంటుంది. క్లిప్పులు తీయగానే క్షణాల్లో గులాబీ రంగెక్కి బిగుస్తుంది. ఒక్కోసారి మూత్రనాళం కొసన అప్పుడే చుక్క కనిపిస్తుంది. ఒక్కోసారి వారం, రెండు వారాలు కనిపించదు, ఈలోగా డయాలసిస్ నడుస్తుంది. గులాబీ రంగు వచ్చింది, మూత్రం రాలేదు. ఐసీయూ బయటి ప్రశ్నే ఇక్కడ ఇంకో రూపంలో.

ఎలుకలో పనిచేసిన మందు మనిషిలో ఎందుకు పనిచేయదు?

ఎలుక కిడ్నీని కాపాడిన మందులు లెక్కలేనన్ని. మనిషి దాకా వచ్చి నిలిచిన మందు ఇంతవరకు లేదు. కిడ్నీ రక్తనాళాలు వెడల్పవుతాయని ఏళ్లపాటు ఐసీయూల్లో ఇచ్చిన తక్కువ మోతాదు డోపమైన్‌ని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వైద్యులు 328 మంది రోగుల్లో పరీక్షించి, ఉపయోగం లేదని 2000లో ప్రకటించారు. గుండె ఆపరేషన్‌కి ముందు చేతికి బీపీ పట్టీ బిగించి, అయిదేసి నిమిషాలు రక్తం ఆపి వదిలితే కిడ్నీ గట్టిపడుతుందన్న ఆలోచనది ఇంకా విచిత్రమైన చరిత్ర. 2015లో ఒక జర్మన్ అధ్యయనంలో కిడ్నీ దెబ్బలు తగ్గాయి. అదే ఏడాది వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో రోగులకి మేలేమీ కనబడలేదు. ఆ రెండింటిలో వాడిన మత్తుమందు అడ్డుపడిందేమో అన్నది ఒక వివరణ.

అసలు లోపం నమూనాలోనే ఉందని కొందరంటారు. ప్రయోగశాల ఎలుక కుర్రది, ఆరోగ్యంగా ఉంటుంది, దాని ధమనికి క్లిప్పు పెట్టే నిమిషం తెలుసు కాబట్టి మందు ముందే ఇవ్వొచ్చు. ఐసీయూకి వచ్చేది షుగర్, బీపీ ఉన్న 65 ఏళ్ల మనిషి, దెబ్బ ఎప్పుడు తగిలిందో ఎవరికీ తెలియదు. పైగా ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీసే సెప్సిస్‌లో కిడ్నీకి మొత్తమ్మీద రక్తం తగ్గకుండానే, కొన్ని ప్రయోగాల్లో పెరిగి కూడా, మూత్రం ఆగిపోయింది. అంటే ఇస్కీమియా, అదే రక్తం అందక దెబ్బతినే కథ, చాలా కేసులకి సరిపోతుంది గానీ అన్నిటికీ కాదు.

మిగిలింది కాలం గడపడం, ఈలోగా ప్రాణం నిలపడం. డయాలసిస్ చేసేది అదే. నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ 1943లో తయారుచేసిన యంత్రంతో మొదటిసారి బతికి బయటపడింది 67 ఏళ్ల మహిళ, 1945లో. కిడ్నీని యంత్రం బాగుచేయలేదు, బాగుపడేదాకా ఆమెని నిలబెట్టింది. ముందే మొదలుపెడితే మంచిదా అన్నదానికి 2016లో ఒకే ఆసుపత్రిలో 231 మందితో చేసిన జర్మన్ అధ్యయనం అవునంది. 2020లో దాదాపు మూడు వేల మందితో పలు దేశాల్లో జరిగినది, తొందరపడ్డా ఆగినా మరణాలు 44 శాతం దగ్గరే ఉన్నాయని తేల్చింది. పొటాషియం ప్రమాదకరంగా పెరిగినప్పుడు, ఊపిరితిత్తుల్లో నీరు చేరినప్పుడు మాత్రం ఈ చర్చకి తావు లేదు.

మేస్త్రీకి తొమ్మిదో రోజున సంచి ఒక్కసారిగా నిండడం మొదలైంది. రోజుకి మూడు లీటర్లు. ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు, నర్సు మాత్రం పొటాషియం, సోడియం పరీక్షలు ఆపలేదు. తలుపు తెరుచుకుంది గానీ తోడే కణాలు ఇంకా కుర్రవే. మూడు వారాలకి క్రియాటినిన్ 1.2. ల్యాబ్ కాగితంలో నార్మల్ 0.7 నుంచి 1.3 అని ఉంటుంది. కానీ ఆయన పాత అంకె 0.8. క్రియాటినిన్‌కీ వడపోతకీ ఉన్న విలోమ సంబంధంతో చూస్తే 0.8ని 1.2తో భాగించాలి: మూడింట రెండొంతులు మిగిలింది, ఒక వంతు పోయింది. మూడు వారాల మంచంతో కండ కరిగి క్రియాటినిన్ పుట్టడమే తగ్గి ఉంటుంది కాబట్టి నిజంగా పోయింది ఇంకా ఎక్కువే కావచ్చు. రిపోర్టులో తేడా ఉన్న అంకెల పక్కన చుక్క గుర్తు వేస్తారు. ఈ 1.2 పక్కన ఆ గుర్తు ఉండదు.